వియ్యపురాలి ఇంటి నల్లమచ్చ

మా ఆయన ఎషిమ్ ఎవరింటికి వెళ్ళినా మనుషుల కంటే ముందు నేలను పలకరిస్తాడు. అవతలివాళ్ళు "రండి, బాగున్నారా" అంటుంటే ఈయన కళ్ళు వాళ్ళ కాళ్ళ మధ్య నుంచి దూరి గది చివరిదాకా వెళ్ళి వస్తాయి. ముప్ఫై ఏళ్ళుగా బిష్కెక్ పాతమేడల్లో చెక్కనేలలు బాగుచేయడమే ఆయన పని. ఊడిన చెక్కలు అతికిస్తాడు, మచ్చలు తీస్తాడు, సాన పట్టి వార్నిష్ వేస్తాడు. రంపప్పొట్టులో జిగురు పోసి పగుళ్ళకు పుట్టీ కలిపేది నేను. ఏ చెక్కకు ఏ పొట్టు కలిపితే రంగు కలుస్తుందో నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు.

ఆయన పనికి వంక పెట్టినవాళ్ళు లేరు. వంకంతా నోటితోనే. గీతలూ అరుగుళ్ళూ చూసి ఆ ఇంట్లో ఏం జరిగిందో ఇట్టే చెప్పేస్తాడు. చెప్పడం అవసరమా అంటే కాదు. అయినా చెప్పకుండా ఉండలేడు.

ఒకసారి ఒక పళ్ళ డాక్టరు ఇంట్లో హాలు నేల చూస్తున్నాం. డాక్టరు, ఆయన భార్య, ఊరి నుంచి వచ్చిన అత్తగారు, అందరూ అక్కడే ఉన్నారు. మా ఆయన సోఫా కాళ్ళ దగ్గర వంగి, "ఈ సోఫాని రోజూ లాగి పరుపులా పరుస్తున్నారు. రెండేళ్ళుగా ఎవరో దీనిమీదే పడుకుంటున్నారు. బరువైన మనిషే" అన్నాడు. ఆ ఇంట్లో బరువైన మనిషి డాక్టరు ఒక్కడే. అత్తగారు కూతురి వంక చూసింది, కూతురు కిటికీ వంక చూసింది, మేం సామాన్లు సర్దుకున్నాం.

ఇంకో ఇంటావిడ పథ్యంలో ఉన్నానని ఊరంతా చెప్పుకుంది. మా ఆయన వంటింట్లోకి వెళ్ళీ వెళ్ళగానే, ఫ్రిజ్ ముందు వార్నిష్ ఎలా అరిగిపోయిందో ఆవిడ భర్తకు చూపించి, "చెప్పుల అరుగుడు కాదండీ ఇది, ఉత్త కాళ్ళది. చప్పుడు కాకుండా వచ్చిన కాళ్ళు" అని మెచ్చుకున్నాడు. నిజంగా మెచ్చుకున్నాడు, అదే నా బాధ.

వార్నిష్ వేశాక మూడు రోజులు ఎవరూ అడుగు పెట్టకూడదు. మా వాళ్ళలో గుమ్మందాకా వచ్చిన మనిషిని వెనక్కి పంపితే పాపం. రొట్టె ముక్కైనా కొరకకుండా పంపితే ఇంకా పాపం. అందుకని మా ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. గుమ్మం బయట ముక్కాలిపీట వేసుకుని, ఒళ్ళో రొట్టె పెట్టుకుని మూడు రోజులూ కాపలా కూర్చుంటాడు. ఎవరొచ్చినా ముక్క తుంచి నోట్లో పెట్టి, "తిన్నారుగా, మర్యాద అయిపోయింది, ఇక వెళ్ళండి" అంటాడు. ఒకసారి కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాడికి కూడా తినిపించాడు.

ఇంత చేసే మనిషి ఇల్లు ఎలా ఉండాలి? మా ఇంట్లో నేలే లేదు. ఏడేళ్ళ కింద కొత్త చెక్కలు వేస్తానని పాతవి పీకాడు. ఆ వారమే ఎవరింట్లోనో అచ్చం అలాంటి చెక్కలు తక్కువ పడ్డాయి, పట్టుకెళ్ళి అక్కడ వేసేశాడు. అప్పటి నుంచి మేం అడుగున ఉన్న దూలాల మీదే మేకల్లా నడుస్తున్నాం. అలవాటు లేనివాళ్ళు వస్తే చెయ్యి పట్టుకుని మంచం దాకా తీసుకెళ్ళాలి.

ఇలాంటి కొంపకు మా జిపార్ పెళ్ళి మాట వచ్చింది.

జిపార్ మాకు ఒక్కతే కూతురు, మందుల దుకాణంలో పని చేస్తుంది. అబ్బాయి మెదెర్ ట్రాలీబస్సుల మెకానిక్కు. మూడేళ్ళుగా ఇద్దరూ ఒకరినొకరు ఇష్టపడుతున్నారు. మెదెర్ తండ్రి పోయి పదకొండేళ్ళయింది. తల్లి బురుల్‌చా బడుల ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఊరి నడిమధ్యన ఎత్తు కప్పుల పాతమేడలో, ఓక్ చెక్క నేలున్న ఇంట్లో ఉంటుంది. అత్తగారు వచ్చి పిల్ల చెవులకు పోగులు పెడితేనే మాలో సంబంధం ఖాయమైనట్టు. ఆ పోగులు పెట్టేది ఆడపిల్ల ఇంట్లో. మా ఇంట్లో పెడితే ఆవిడ దూలాల మధ్య నుంచి మట్టిలో పడుతుంది. ఇంట్లో మరమ్మతు జరుగుతోందని నేను నసిగాను. ఏడేళ్ళుగా జరుగుతోందని చెప్పలేదు.

"పోనీ లెండి వదినగారూ, మా ఇంట్లోనే పెట్టుకుందాం" అంది బురుల్‌చా ఫోన్లో. తర్వాత గొంతు తగ్గించింది. "ఒక్క మాట. మా బావగారు ఒమోర్ వస్తారు. మావారికి అన్నగారు, ఆయన ఊఁ అంటేనే మాలో పెళ్ళి. పాతకాలం మనిషి. మీవారు, అన్నయ్యగారు, కట్టడాల శాఖలో ఉన్నారని ఆయనతో చెప్పాను. ఆ మోకాళ్ళ పని సంగతి ఎత్తకుండా చూడండి, ఏమనుకోకండి."

అనుకున్నాను. మోకాళ్ళ పనట! ఆ మోకాళ్ళతోనే పిల్లను చదివించాం అని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ పక్కనే జిపార్ చెయ్యి కొరుక్కుంటూ నిలబడింది. "అలాగే వదినగారూ" అన్నాను.

వెళ్ళే రోజు పొద్దున్నే మా ఆయన్ని కూర్చోబెట్టి చెప్పాను.

"చూడు, ఇవాళ నువ్వు నేల చూడకూడదు."

"చూడకుండా నడిచేదెట్లా?"

"పైకి చూడు. కప్పు చూడు. కప్పు గురించి నీకేమీ తెలీదు కాబట్టి ఏమీ వాగవు."

"ఓక్ నేలటే సబీరా. పాతకాలపు పనితనం. చేపముల్లు వరసలో పేర్చి ఉంటారు..."

"నాన్నా!" అంది జిపార్. అంతే, నోరు మూశాడు. ఆ పిల్ల కోసం ఈయన ఏదైనా చేస్తాడు. ఈ ఒక్క పనీ చేయగలడా అన్నదే నా భయం.

గుమ్మంలో చెప్పులు విప్పిన దగ్గర్నుంచీ మా ఆయన తల పైకెత్తినవాడు దించలేదు. ఒమోర్ తాత చేయి చాపితే గాలిలో తడుముకుని పట్టుకున్నాడు. బురుల్‌చా ముఖం చిన్నబోయింది.

"పైన ఏమైనా కనిపిస్తోందా అన్నయ్యగారూ? మొన్ననే సున్నం వేయించాను."

"చాలా బాగుంది చెల్లెమ్మా. చాలా పైకి ఉంది."

"ఈయనకి మెడ పట్టేసిందా?" అని ఒమోర్ తాత నన్నే అడిగాడు, గట్టిగా. ఎనభై దాటిన మనిషి, చెవులు మందం. తనకు వినపడదు కాబట్టి ఎదుటివాళ్ళకూ వినపడదని ఆయన నమ్మకం.

గుమ్మానికి దూరంగా, గోడ దగ్గర పెద్దపీట మా ఆయనకు వేశారు. మామూలుగా అక్కడ ఉన్ని తివాచీలు రెండు పరుస్తారు. మరీ గౌరవమైతే మూడు. వీళ్ళు ఐదు పరిచారు. ఆడపిల్లవాళ్ళకి ఇంత మర్యాదా అని నా కళ్ళు చెమర్చాయి. మా ఆయన కప్పు వంక చూస్తూనే వాటి మీద కూర్చున్నాడు.

కిర్ర్‌ర్‌ర్... పుఁయ్.

సన్నగా మొదలై, మధ్యలో కాస్త ఆగి ఆలోచించుకుని, చివర్న తేలిగ్గా వదిలేసిన చప్పుడు. అందరూ ఒక్కసారిగా టీ గిన్నెల్లోకి చూశారు. మెదెర్ చిన్నాన్నొకడు దగ్గాడు. మా ఆయన కదలకుండా ఉండబోయి కాస్త కదిలాడు. మళ్ళీ పుఁయ్.

నాకు అర్థమైంది. చెక్క. అడుగున చెక్కలు అతికించిన తారు ఎండిపోయి ఒక చెక్క వదులైంది. ఆయనకూ అర్థమైంది, ముఖం వెలిగిపోయింది. నోరు తెరవబోయాడు. నేను కళ్ళతోనే చంపేశాను. కుక్కిన పేనులా ఉండిపోయాడు.

ఉండిపోతే సరిపోయేది. కానీ అది భోజనాల గది. పళ్ళెం అందుకోవాలంటే వంగాలి, వంగితే పుఁయ్. పెద్దమనిషికిచ్చే గొర్రె తలకాయ ఆయన ముందు పెట్టారు. చెవి కోసి పిల్లలకివ్వాలి, కోస్తే కిర్ర్, ఇస్తే పుఁయ్. వంటింట్లో ఆడవాళ్ళు తలగుడ్డల అంచులు నోట్లో కుక్కుకున్నారు. జిపార్ పెళ్ళికూతురికని కట్టిన తెరపక్కన కూర్చుని ముఖం ఎర్రగా చేసుకుంది. అది నవ్వో ఏడుపో నాకు తెలియలేదు.

ప్రపంచంలో ఏ చప్పుడూ వినపడని ఒమోర్ తాతకు ఇది మాత్రం వినపడింది.

"కొత్త వియ్యంకుడికి కడుపు బాలేదా?"

బురుల్‌చా మంచిది, ఏమీ విననట్టే లేచి వెళ్ళి మిరియాల కషాయం తెచ్చిపెట్టింది. "వాతానికి మంచిది అన్నయ్యగారూ" అని మెల్లగా అంది. మా ఆయన కప్పు వంక చూస్తూ, ముప్పావు గిన్నె కషాయం గుటకలు మింగాడు. గిన్నె కింద పెట్టడానికి వంగాడు. ఆ చప్పుడు మిగతావన్నీ కలిపినంత పొడుగ్గా వచ్చింది.

"కషాయం పనిచేస్తోంది" అన్నాడు తాత.

చివరికి బురుల్‌చా లోపల్నుంచి పోగుల డబ్బీ తెచ్చింది. నా ప్రాణం కాస్త కుదుటపడింది. ఇంకో రెండు నిమిషాలు. పోగులు చెవులకెక్కితే ఇక ఎవరేమనుకున్నా ఒకటే. ఆవిడ డబ్బీ మూత తీసింది. జిపార్ తల వంచింది. అప్పుడు ఒమోర్ తాత ఆవిడ గౌను అంచు లాగి, రహస్యంగా అనుకుంటూ, మేడంతా వినేట్టు అడిగాడు.

"అమ్మాయి బంగారంలా ఉంది, కాదనను. కానీ ఈ రోగం తండ్రి నుంచి పిల్లలకి వస్తుందేమో కనుక్కున్నావా? రేపు మనింట్లో మనవలు పుడతారు."

బురుల్‌చా చెయ్యి ఆగిపోయింది. ఒమోర్ తాత ఊఁ అంటేనే పెళ్ళి. తాత ఊఁ అనడం లేదు. జిపార్ తల ఎత్తలేదు గానీ చెంపల మీంచి నీళ్ళు కారడం కనిపించింది.

మా ఆయన అప్పుడు, ఆ రోజు మొదటిసారిగా, తల దించాడు. కూతుర్ని చూశాడు. లేచి నిలబడ్డాడు.

"పెద్దాయనా, నా కడుపుకేం రోగం లేదు. నా కూతురికి అసలే లేదు. రోగం మీ నేలకుంది!"

నేను "ఏమండీ" అనేలోపే మొదటి తివాచీ లాగి పక్కన పడేశాడు. రెండోది. మూడోది. బురుల్‌చా "వద్దు అన్నయ్యగారూ, వద్దు" అని ముందుకొచ్చింది. అప్పటికే ఐదోది కూడా పోయింది. మోకాళ్ళ మీద కూలబడి, ఒక చెక్క మీద అరచేత్తో నొక్కాడు.

కిర్ర్‌ర్‌ర్... పుఁయ్.

"విన్నారా? ఇప్పుడు నేను చేశానా? పొట్ట ముట్టుకున్నానా? మళ్ళీ చూడండి." పుఁయ్. "మీరొచ్చి నొక్కండి." మెదెర్ చిన్నాన్న వచ్చి నొక్కాడు. పుఁయ్. "చూశారా! ఇప్పుడితనికి రోగమా?" గదిలో సగం మంది నవ్వేశారు. మా ఆయన గెలిచానని చుట్టూ చూశాడు.

అప్పుడు కనపడింది అందరికీ. ఆ చెక్క పక్కనే, పెద్ద పళ్ళెమంత గుండ్రంగా, కటిక నలుపు మచ్చ. ఐదు తివాచీలు వేసింది మాకు మర్యాదగా కాదు, దాన్ని దాచడానికి. నవ్వులు ఆగిపోయాయి. బురుల్‌చా డబ్బీ మూత మూసేసి, దాన్ని గుండెకు పట్టుకుని నిలబడింది. ముప్ఫై ఏళ్ళు బడుల్లో అందరి తప్పులూ పట్టిన మనిషి తన ఇంట్లో తన చుట్టాల ముందు అలా నిలబడాల్సి వచ్చింది. నాకు ఆవిడ మీదున్న కోపమంతా ఎటు పోయిందో పోయింది.

"ఏంటా నలుపు?" అన్నాడు ఒమోర్ తాత.

నేనూ ఊరికే ముప్ఫై ఏళ్ళు పుట్టీ కలపలేదు. చూడగానే తెలిసింది. తడి ఇనప డేగిసా చాలాసేపు పెట్టిన మచ్చ. దానిమీద అడ్డదిడ్డంగా ఇనప పీచు గీతలు. ఇంకా ఒకటుంది. మచ్చకు ఇటుపక్క వార్నిష్ పోయి వెలిసిన రెండు చోట్లు, పక్కపక్కన, చిన్నవి. ఆడమనిషి మోకాళ్ళవి. మా ఆయన పని గురించి ఎత్తొద్దన్న మనిషి ఏళ్ళ తరబడి ఇక్కడ మోకాళ్ళ మీద కూర్చుని తోమింది.

ఆయన నాకంటే ముందే చూశాడు. చేత్తో ఆ రెండు చోట్లూ తడిమాడు కూడా. నోరు తెరిచాడు. అయిపోయింది, ఈ మాటతో సంబంధం పోయింది అనుకుని నేను కళ్ళు మూసుకున్నాను.

"ఇదా? ఇది తారు డబ్బా మచ్చ పెద్దాయనా" అన్నాడు. "మేడ కట్టినప్పుడు పనివాళ్ళు వేడి డబ్బా ఇక్కడ పెట్టారు. ఈ మేడల్లో ప్రతి ఇంట్లో ఉంటుంది. ఇంట్లోవాళ్ళకి ఏ సంబంధమూ లేదు."

కళ్ళు తెరిచాను. ముప్ఫై ఏళ్ళలో నేల గురించి ఆ మనిషి ఆడిన మొదటి అబద్ధం అది. చెవులు కాలిన రాగి రంగులోకి తిరిగాయి. నుదురు చెమట పట్టింది. ఆ ఒక్క అబద్ధానికే ఇంత అవస్థ పడుతున్నవాణ్ణి చూసి అక్కడికక్కడే ముద్దు పెట్టుకోవాలనిపించింది.

బురుల్‌చా ఆయన చెవుల వంక చూసింది.

"మీకు అబద్ధం రాదు అన్నయ్యగారూ" అంది. "అది తారు కాదు. నేనే. మావారు పోయిన నలభయ్యో రోజు భోజనాలకి డేగిసా మోసుకొస్తున్నా. ఒక్కదాన్నే. చేతులు లాగేశాయి, ఇక్కడ దించేశా. జనం వస్తూనే ఉన్నారు, వడ్డిస్తూనే ఉన్నా. సాయంత్రం తీసేసరికి ఇదీ. పదకొండేళ్ళుగా ఇనప పీచుతో తోముతూనే ఉన్నా. తోమినకొద్దీ నల్లబడుతోంది."

"ఇనప పీచుతోనా!" మా ఆయన కేక పెట్టాడు. మర్యాదలన్నీ గాలికి పోయాయి. "ఓక్ చెక్కకి తడీ ఇనుమూ కలిస్తేనే కదమ్మా నలుపెక్కేది! మీరు మళ్ళీ నీళ్ళు పోసి ఇనుమే పెట్టి రుద్దారా? పదకొండేళ్ళుగా మీరు తుడవలేదు చెల్లెమ్మా, సిరా పోశారు!"

"నాకెవరు చెప్పారు?" అని ఆవిడా కేక పెట్టింది. "ఎవర్నైనా అడిగితే తెలిసిపోతుందిగా!"

"దీనికి కావలసింది పులుపు." బల్ల మీద చూశాడు. అది మే నెల. కొండల మీంచి తెచ్చిన ఇష్కిన్ కాడలు కట్టలు కట్టలుగా ఉన్నాయి. పైతొక్క తీసి పచ్చివే నములుతాం, చింతకాయంత పులుపు. మా ఆయన ఒకటి విరిచి, రసం మచ్చ మీద పిండి, అదే కాడతో రుద్దడం మొదలుపెట్టాడు. అందరూ చుట్టూ మూగారు. కాసేపటికి ఒక అంచున కటిక నలుపు మసి రంగుకు దిగింది.

"పోతోందే!" బురుల్‌చా డబ్బీ బల్ల మీద పడేసి, తనకు అలవాటైన చోటే మోకాళ్ళ మీద కూర్చుంది. గౌను చేతులు పైకి మడిచి కాడ అందుకుంది. పెళ్ళికొడుకు తల్లే దిగాక ఇంకెవరాగుతారు? చిన్నాన్న దిగాడు, వంటింటి ఆడవాళ్ళు దిగారు, జిపార్ దిగింది, కొత్త గౌనుతో నేనూ దిగాను. ఒమోర్ తాతను ఇద్దరు పట్టుకుని దించారు. ఆయన ఒకటి రుద్దుతూ రెండు నమిలాడు.

"ఇదేనా బాబూ నీ పని?" అన్నాడు మా ఆయనతో.

కట్టడాల శాఖ మాట గుర్తొచ్చి నేను రుద్దడం ఆపేశాను.

"ఇదే పెద్దాయనా."

"ఇంత రుచిగా ఉంటుందని తెలీదు" అని తాత మూడో కాడ అందుకున్నాడు. "సరే, కానివ్వండి. కడుపు బాగుంది, పిల్ల బాగుంది. ఊఁ."

మచ్చ గోధుమ రంగుకు వచ్చి ఆగింది. మిగతాది సోమవారం మచ్చలు తీసే తెల్లపొడి తెచ్చి తీస్తానని, సాన పట్టి వార్నిష్ వేస్తానని మా ఆయన చెప్పాడు. చెప్పి ఆవిడ వైపు తిరిగాడు.

"చెల్లెమ్మా, కావాలంటే ఒక అంచు సన్నగా ఉంచేస్తా. పోయిన మీవారి గుర్తుగా."

బురుల్‌చా కాడ కింద పెట్టింది. "ఆయన గుర్తుగానా? ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆ డేగిసా పిడి ఒక్కసారి ముట్టుకోలేదు ఆయన. ఒక్కసారి! చివరికి ఆయన నలభయ్యో రోజుకి కూడా నేనే మోశాను. తీసెయ్యండి. మొత్తం తీసెయ్యండి."

"నిజమే, వాడు ముట్టేవాడు కాదు" అన్నాడు తాత నములుతూ.

ఆవిడ లేచి చేతులు కడుక్కుని వచ్చింది. మళ్ళీ అదే చోట, జిపార్ ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, ఒక పోగు పెట్టింది, రెండోది పెట్టింది. పిల్ల బుగ్గ మీద ముద్దు పెట్టుకుని, అక్కడ్నుంచే కొడుకును పిలిచింది.

"మెదెర్! ఇటు రా. మనింట్లో డేగిసాకి పిడులెన్ని?"

"రెండమ్మా."

"ఒకటి నీది. ఈ పిల్ల దాన్ని ఒక్కతే ఎత్తిందని తెలిసిన రోజు నీ తల్లి ఎవరో నీకు తెలుస్తుంది. అర్థమైందా?"

"సరే అమ్మా."

"సరే అంటే కాదు. పొయ్యి మీద పులుసు ఉంది. ఇద్దరూ వెళ్ళి పట్టుకురండి."

ఇద్దరూ లోపలికి వెళ్ళారు. ఏవో గుసగుసలు, ఒక నవ్వు వినపడ్డాయి. తర్వాత చెరో పిడీ పట్టుకుని, అడుగులు కలవక అటొకరూ ఇటొకరూ లాక్కుంటూ గుమ్మంలోకి వచ్చారు. వచ్చి, దాన్ని ఎక్కడ దించాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడ్డారు. గదిలో ఖాళీ లేదు, నేలంతా మేమే ఉన్నాం.